ఇసుకలో దిగబడ్డ ఓడను కదపాలంటే ఎంత లాగాలి?

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు అడిగాడు: 20,000 టన్నుల ఓడ ఇసుకమేట ఎక్కితే ఆ బరువంతా లాగాలా, ఎన్ని టగ్గులు (ఓడల్ని లాగే చిన్న, బలమైన పడవలు) కావాలి అని. నాదీ హన్మకొండే. సరుకు ఓడల్లో డెక్ ఆఫీసర్‌గా చేశాను కాబట్టి రాస్తున్నా.

బరువంతా లాగక్కర్లేదు తమ్ముడూ. కాళేశ్వరం దగ్గర గోదావరి ఇసుకలో దిగబడ్డ లారీ బరువు మొత్తం ఇసుక మీదే ఉంటుంది. ఓడను మాత్రం చాలావరకు ఇంకా నీళ్లే మోస్తుంటాయి. నేల మీద పడ్డ వాటా ఎంతో తేల్చాలి, అంతే. దాన్నే గ్రౌండ్ రియాక్షన్ అంటాం.

మేట ఎక్కకముందు సగటు డ్రాఫ్ట్, అంటే ఓడ నీళ్లలో మునిగి ఉండే లోతు, 8 మీటర్లు, ఎక్కాక 7.6 అనుకో. ఓడ ఒక సెంటీమీటరు మునగడానికి 25 టన్నులు పడితే, 40 సెంటీమీటర్లకు 1,000 టన్నులు. ఇసుకకు ఘర్షణ గుణకం 0.3 నుంచి 0.4 వేసుకుంటారు, అంటే 300-400 టన్నుల లాగుడు. 60 టన్నులు లాగే టగ్గులైతే ఐదు నుంచి ఏడు. అదే పోటుకు నీరు 20 సెంటీమీటర్లు పెరిగితే నేల మీద 500 టన్నులే మిగులుతాయి, మూడు నాలుగు టగ్గులు చాలు. ఇది అడుగంతా సమంగా ఆనినప్పటి మాట. ముక్కు మాత్రమే ఎక్కితే ట్రిమ్ (ముందు, వెనక డ్రాఫ్ట్‌ల తేడా) లెక్క వేరే వేయాలి.

కాగితం మీద సులువే. ఒక నదీముఖంలో మా ఓడ మేట ఎక్కినప్పుడు మొదట ట్యాంకుల్లోకి టేపు దించి ఎక్కడైనా నీరు చేరుతోందా అని చూశాం. తర్వాత సీసపు గుండు కట్టిన తాడుతో ఓడ చుట్టూ లోతులు కొలిచాం. గుండు అడుగున ఉన్న గుంటలో గ్రీజు పెడతారు, కింద ఉన్నది దానికి అంటుకుని పైకి వస్తుంది. మాకు బూడిదరంగు బురద, అందులో గుల్లల ముక్కలు వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాం, బురద గుణకం 0.2-0.3. రాయి అయితే 1.5 దాకా పోతుంది. డ్రాఫ్ట్ అంకెలు చదవడం మాత్రం మహా చిరాకు. అల లేచి పడుతుంటే ముగ్గురు మూడు అంకెలు చెప్తారు.

ఇంజన్ వెనక్కి ఫుల్లుగా తిప్పేద్దామని అందరికీ అనిపిస్తుంది. ప్రొపెల్లర్ లేపిన ఇసుక ఓడ కిందికే పోయి చేరొచ్చు, కూలింగ్ నీళ్లతో పాటు బురదా ఇంజన్ రూములోకి వస్తుంది.

అసలు టెన్షన్ నిలకడది. నేల కింద నుంచి 1,000 టన్నులు తోస్తోందంటే, అడుగు నుంచి అంత బరువు దించేసినట్టే లెక్క. గురుత్వకేంద్రం కీల్‌కు, అంటే ఓడ అడుగుకు, 8 మీటర్ల ఎత్తులో ఉంటే 1,000 × 8 ÷ 19,000, అంటే దాదాపు 0.42 మీటర్ల జీఎం (ఒరిగిన ఓడ తిరిగి నిలబడే శక్తికి కొలత) పోతుంది. మొదటే 0.6 ఉన్న ఓడకు ఇంకేం మిగులుతుంది? ఆటుకు నీరు తీసేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అందుకే తేలిక చేద్దామని అడుగు ట్యాంకుల బ్యాలస్ట్ (నిలకడ కోసం నింపుకునే నీరు) హడావిడిగా వదలకూడదు. గాలి ఒడ్డువైపు ఉంటే, టగ్గులు వచ్చేదాకా ఓడ ఇంకా పైకి ఎక్కకుండా ఉల్టా బ్యాలస్ట్ నింపి కూర్చోబెడతారు కూడా.

ప్రాజెక్టుకైతే ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడను తీసుకో. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో ఇరుక్కుంది, 29న కదిలింది. డజనుకు పైగా టగ్గులున్నా దాదాపు 30,000 ఘనపు మీటర్ల ఇసుక తవ్వాల్సి వచ్చింది, పౌర్ణమి పోటూ కలిసొచ్చింది. అక్కడ ముక్కు గట్టులోకి దూరింది కాబట్టి నీ లెక్క ట్రిమ్ నుంచే మొదలుపెట్టు.