టెక్ సందేహాలు: విదేశం వెళ్లే పిల్లలకి ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

"మా అమ్మాయి మెకానికల్‌లో ఎమ్మెస్ చేయడానికి అక్టోబర్‌లో జర్మనీ వెళ్తోందండి. లక్ష దాకా పెట్టగలం. అందరూ మ్యాక్‌బుక్కే కొనమంటన్నారు. ఇక్కడే కొనేయాలా, అక్కడికెళ్లాక కొనుక్కోమనాలా?" అని అమలాపురం దగ్గర్నుంచి ఒక తండ్రి అడిగారు.

మెకానికల్ అన్నారు కాబట్టి మ్యాక్‌బుక్ మాట పక్కన పెట్టేయండి సార్. మ్యాక్ మంచిది కాదని కాదు, బ్యాటరీ బాగా వస్తుంది, ఏళ్లతరబడి మన్నుతుంది, అమ్మాయిది ఎంబీయే అయితే నేనే కొనమనేవాణ్ని. కానీ సాలిడ్‌వర్క్స్, కటియా లాంటి మెషీన్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసం చేసినవి, రేపు ప్రాజెక్టంతా వాటి మీదే ఉంటే ఆ పిల్ల ఇబ్బంది పడుద్ది. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా నాజూగ్గా బావుంటాయి గానీ ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లకి వాటితో ఇంకా పేచీలున్నాయి, ఇంటెలో ఏఎండీయో తీసుకోండి. ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు, సన్నటి మోడల్స్‌లో అది బోర్డుకే అతికించేసి ఉంటది, తర్వాత పెంచుకోలేం, అందుకే ఖాళీ స్లాట్ ఉందో లేదో కొనేముందే అడగండి. స్టోరేజ్ 512 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. గేమింగ్ ల్యాప్‌టాప్ మాత్రం వద్దు, రెండు కేజీల పైన బరువు, దానికి ఇటుకంత ఛార్జర్, రోజూ ట్రామ్‌లో భుజాన మోయాల్సింది ఆ పిల్లే కదా. పెద్ద సిమ్యులేషన్లకి యూనివర్సిటీల్లో ల్యాబ్ ఉంటది. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఏం సాఫ్ట్‌వేర్లు వాడతారో ఒకసారి అమ్మాయినే చూడమనండి, షాపువాడి సలహా కన్నా అది వెయ్యిరెట్లు నయం.

కొనడం ఇక్కడే కొనండి. జర్మనీలో షాపుల్లో దొరికేవి ఎక్కువగా జర్మన్ కీబోర్డువి, వై ఉండాల్సిన చోట జెడ్ ఉంటది, మెయిల్ ఐడీలో ఎట్ గుర్తు కొట్టాలంటే స్పేస్ బార్‌కి కుడిపక్కన ఉండే ఆల్ట్‌జీఆర్ కీ పట్టుకుని క్యూ నొక్కాలి. దిగీదిగగానే అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంకు, ఇన్సూరెన్సు, కాలేజీ ఎన్‌రోల్‌మెంట్ అన్నీ మీద పడతాయి, అప్పుడు చేతిలో ల్యాప్‌టాప్ లేకుండా షాపుల చుట్టూ తిరగడం కష్టం.

అసలు సంగతి వారంటీ. ఏ షాపులో అడిగినా "ఇంటర్నేషనల్ వారంటీ ఉందండి" అని నోటిమాటగా చెప్పేస్తారు, తీరా అక్కడ మదర్‌బోర్డు పోతే ఇది ఇండియా మోడల్ అని సర్వీస్ సెంటర్‌వాళ్లు చేతులెత్తేస్తారు. ఒకే కంపెనీలో కూడా ఒక మోడల్‌కి ఉంటది, పక్క మోడల్‌కి ఉండదు, ఆఫీసుల కోసం చేసే థింక్‌ప్యాడ్ లాంటివాటికి ఉండే అవకాశం ఎక్కువ, మామూలు ఇళ్లకి అమ్మేవాటికి తక్కువ. బిల్లు వేయించకముందే బాక్స్ మీది సీరియల్ నంబర్ కంపెనీ సపోర్ట్ సైట్‌లో కొట్టించి ఏ దేశానికి చెల్లుతుందో కళ్లతో చూడండి. డెల్ అయితే ల్యాప్‌టాప్‌ని వేరే దేశానికి బదిలీ చేసినట్టు నమోదు చేయించుకునే పద్ధతి ఉంది, అది చేయిస్తే మంచిది. బిల్లు అమ్మాయి పేరు మీదే ఉండాలి, ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకోమనండి. ప్రయాణానికి కనీసం నెల ముందు కొంటే లోపమేదైనా ఉన్నా ఇక్కడే బయటపడుద్ది.

ఇంకొకటుంది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన ఊళ్లలో కొత్త ల్యాప్‌టాప్ కొంటే కొన్ని షాపుల్లో కుర్రాళ్లే ఆన్ చేసి, వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోనే సెటప్ చేసి ఇచ్చేస్తారు, మనం కూడా పనైపోయిందని సంతోషంగా తెచ్చేసుకుంటాం. విండోస్ 11 చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి తనంతట తానే తాళం వేసుకుంటది, ఆ తాళం తెరిచే 48 అంకెల రికవరీ కీ సెటప్ చేసిన అకౌంట్‌లోకి వెళ్లిపోద్ది. ఎప్పుడో బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ అయ్యో, బోర్డు మార్చాకో, నీలం స్క్రీన్ వచ్చి ఆ కీ అడిగిందంటే, అది ఏ కుర్రాడి అకౌంట్‌లో ఉందో ఎవరికి తెలుస్తది? థీసిస్ మొత్తం అందులోనే ఉండిపోద్ది. కాబట్టి సీలు అమ్మాయి చేతే తీయించండి, తన అకౌంట్‌తోనే మొదలుపెట్టించండి, ఆ కీ ప్రింట్ తీసి పాస్‌పోర్ట్ జిరాక్సులతో పాటు ఇంట్లో ఒకటి ఉంచండి. క్రాక్ సాఫ్ట్‌వేర్లు వేసిస్తామంటే దణ్ణం పెట్టి వద్దనండి, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లాంటివి చాలా యూనివర్సిటీలు కాలేజీ మెయిల్‌తో ఉచితంగానే ఇస్తాయి. గూగుల్ అకౌంట్‌కి బ్యాకప్ కోడ్లు కూడా తీసి పెట్టుకోమనండి, ఇక్కడి సిమ్‌కి రీఛార్జ్ అయిపోతే ఓటీపీలు ఆగిపోతాయి, అప్పుడు ఆ కోడ్లతోనే లాగిన్ అవ్వచ్చు.

"మావాడు డల్లాస్ వెళ్తున్నాడు. అక్కడ కరెంటు వేరంట కదా, ఇక్కడి ఛార్జర్ కాలిపోద్దా? స్టెబిలైజర్ లాంటిది పంపాలా?" అని భీమవరం నుంచి ఒక అమ్మ అడిగారు.

ఏం అక్కర్లేదమ్మా. మనది 230 వోల్టులు, వాళ్లది 120. ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 అని ఉందేమో చూడండి, దాదాపు అన్ని ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీదా ఉంటది, ఉంటే రెండు చోట్లా పనిచేస్తుంది. మారేది ప్లగ్గు మాత్రమే. గోడ నుంచి ఛార్జర్ దాకా వచ్చే వైరు చాలావాటికి ఊడొస్తుంది, అక్కడికెళ్లాక అమెరికా ప్లగ్గు ఉన్న అలాంటి వైరే కొనుక్కుంటే సరి. మిక్సీ, రైస్ కుక్కర్ మాత్రం ఇక్కడివి పంపొద్దు, ఆ 120 వోల్టుల మీద అవి సరిగ్గా పనిచేయవు. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే పెట్టాలి, పవర్ బ్యాంక్ 100 వాట్-అవర్స్ లోపుంటే పర్మిషన్ అక్కర్లేదు, 20000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్స్ దగ్గర తేలుద్ది కాబట్టి భయం లేదు. ఆవకాయ డబ్బా మాత్రం ల్యాప్‌టాప్ బ్యాగులో ఇరికించకండి, నూనె కారిందంటే కీబోర్డు పోయినట్టే, అది చెకిన్ సూట్‌కేసులోకే.

"నా దగ్గర ఏడో జనరేషన్ ఐ5 ల్యాప్‌టాప్ ఉంది, విండోస్ 10. లండన్‌కి అదే పట్టుకెళ్లిపోనా?" అని పాలకొల్లు నుంచి ఒక విద్యార్థిని.

వద్దమ్మా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకున్నా అవీ 2026 అక్టోబర్ దాకానే. విండోస్ 11కి మామూలుగా ఎనిమిదో జనరేషన్ ఇంటెల్ చిప్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. బ్యాంకు పనులు, వీసా కాగితాలు అన్నీ దాని మీదే చేస్తావు, అప్‌డేట్లు రాని మెషీన్ మీద అవన్నీ పెట్టుకోకు. అందులో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి ఇంట్లో తమ్ముడికో చెల్లికో ఇచ్చెయ్. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే మాత్రం బ్యాటరీ ఉబ్బిందని అర్థం, అప్పుడు ఛార్జింగ్ కూడా పెట్టకుండా ముందు సర్వీస్ సెంటర్‌లో తీయించెయ్.