పక్కింట్లో తుపాకులుంటే మన పిల్లలకు ఏం నేర్పాలి?

అమెరికాలో ఉంటున్నాం, బాబుకి ఏడేళ్లు, వాడు ఆడుకునే ఇళ్లలో తుపాకులున్నాయి, జాగ్రత్తలు నేర్పాలా అని అడిగారు. నేర్పండి. కానీ నేర్పాం కదా అని నిశ్చింతగా మాత్రం ఉండకండి.

ఆ వయసుకి నాలుగు ముక్కలు చాలు: కనబడితే ఆగు, ముట్టుకోకు, అక్కణ్నుంచి వచ్చెయ్, పెద్దవాళ్లకు చెప్పు. అక్కడి తుపాకీ యజమానుల సంఘం, నేషనల్ రైఫిల్ అసోసియేషన్, 1988 నుంచి పిల్లలకు నేర్పుతున్నదీ ఇదే. చిక్కల్లా, పిల్లలు గడగడా అప్పజెప్తారు, చేసేది వేరు.

2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లల్ని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో వదిలి, అద్దం వెనక నుంచి చూశారు. సొరుగుల్లో రెండు నీళ్ల తుపాకులు, గుళ్లు లేని ఒక అసలు పిస్టల్ పెట్టారు. 29 జట్లలో 21 జట్లకు పిస్టల్ దొరికింది. 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి, పదింటిలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కేశారు. పట్టుకున్న పిల్లల్లో 90 శాతానికి పైగా అంతకుముందు జాగ్రత్తలు విన్నవాళ్లే! పిస్టల్ దొరికిన పిల్లల్లో దాదాపు సగంమంది అది బొమ్మే అనుకున్నారు, లేదా అసలుదో కాదో తేల్చుకోలేకపోయారు.

అందుకే అసలు పని పెద్దవాళ్లది. తుపాకీలో గుళ్లు తీసేసి తాళం వేయాలి, గుళ్లు వేరేచోట తాళంలో ఉండాలి. బాబుని పంపేముందు ఆ ఇంటివాళ్లని నేరుగా అడగండి. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ, నాకూ అంతే. పిల్లాడికి వేరుశనగలాంటిది పడకపోతే ముందే చెప్తాం కదా, అదే గొంతుతో, “తుపాకీ ఉంటే తాళంలోనే ఉంటుందా అండీ?” అనేయండి.