మూడు నిమిషాలు వేగం, మూడు నిమిషాలు నిదానం

నెల్లూరు

చిరంజీవి అమ్మణ్ణికి అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. ఆ పిల్ల ఎగురుతుంది, నేలమీద పడుతుంది, మళ్లీ లేస్తుంది, ఇరవై నిమిషాల్లో షుగరు దిగుతుందంటుంది. రేపటినుంచే మొదలుపెడతానన్నావు. మొదలుపెట్టు, వద్దనను, రేపే మాత్రం కాదు. బడి, ఇల్లు, పిల్లల చదువులు చూసుకుంటూ పూటకో గంట నడిచే తీరిక నీకెక్కడిది? తక్కువసేపట్లో గట్టిగా కష్టపడే పద్ధతి నీలాంటి వాళ్లకే కావాలి. కానీ ఎగరబాక. నలభై దాటి, షుగరుండి, ఇన్నాళ్లూ వ్యాయామం అలవాటు లేని మనిషికి ఆ ఎగురుళ్లు మోకాళ్లకూ పాదాలకూ చేటు. గుండె వేగం పెరగాలంటే గట్టిగా నడిచినా చాలు.

నేను నడిచే పద్ధతి జపాన్‌లో షిన్షు విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దవయసు వాళ్లకోసం పెట్టింది. మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నిదానంగా, ఇట్లా అయిదు విడతలు. మొత్తం అరగంట, వారానికి నాలుగు రోజులు. దీన్నే షుగరున్న వాళ్లచేత డెన్మార్క్‌లో నాలుగు నెలలు చేయించి చూశారు, 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కొందరు ఒకే వేగంతో నడిచారు, కొందరు మార్చి మార్చి నడిచారు. ఇద్దరూ ఖర్చుపెట్టిన శక్తి ఒకటే. అయినా బరువు తగ్గి, షుగరు మెరుగుపడింది మార్చి నడిచిన వాళ్లకే. వాళ్లు రోజుకు గంట, వారానికి అయిదు రోజులు నడిచారన్నది కూడా చెప్పాలి. నువ్వు అరగంటతో మొదలుపెట్టు.

వేగం అంటే ఎంతని అడుగుతావు. గడియారంలో గుండె లెక్క చూసుకోబాక. బీపీకి అటెనొలాల్ లాంటి మాత్ర వేసుకునే వాళ్లకు ఆ లెక్క తక్కువే చూపిస్తుంది. మాటను బట్టి చూసుకో. నడుస్తూ "అత్తా, బాగుండావా" అనగలగాలి, అంతకుమించి మాట సాగకూడదు. బడిలో జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పగలుగుతున్నావంటే నువ్వింకా నిదానంగానే నడుస్తున్నట్టు. మొదటి వారం మూడు నిమిషాలు నిలవలేవు, ఒక్క నిమిషం నిలిచినా చాలు. ముందు అయిదు నిమిషాలు, చివర అయిదు నిమిషాలు మామూలుగా నడువు, చప్పున ఆగిపోబాక. ఛాతీలో పట్టేసినట్టున్నా, దవడ, ఎడమ చెయ్యి లాగినా, కళ్లు తిరిగినా ఆపెయ్. ఆగినా తగ్గకపోతే ఇంటికి కాదు, నేరుగా ఆస్పత్రికి పో.

గట్టిగా నడిచేటప్పుడు కండ తనలో దాచుకున్న చక్కెరను వాడేస్తుంది. ఆ ఖాళీ నింపుకోవడానికి రక్తంలోంచి లాక్కుంటుంది, ఇన్సులిన్ సరిగా పనిచెయ్యని వాళ్లలో కూడా. ఈ గుణం ఒక రోజో, ఇంకొంచెం ఎక్కువో నిలుస్తుంది. అందుకే వరసగా రెండు రోజులు మానకూడదంటారు. ఒక్కోసారి నడిచి రాగానే చూస్తే షుగరు ముందుకంటే ఎక్కువే ఉంటుంది. హడలిపోబాక. గట్టి శ్రమకు ఒంట్లో అడ్రినలిన్ ఊరి, కాలేయం చక్కెర వదులుతుంది. కాసేపటికి అదే దిగుతుంది.

నాకు అసలు భయం పడిపోయే షుగరంటేనే. నువ్వు మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ కూడా వేసుకుంటున్నావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు పడిపోవడం అరుదు, గ్లిమిపిరైడ్ మాత్రం పడేస్తుంది. నడకకు ముందు మిషన్‌తో చూసుకో. 90 లోపుంటే ఒక అరటిపండు తిని, కాసేపాగి బయల్దేరు. 250 దాటి, ఒంట్లో కూడా బాగాలేకపోతే ఆరోజు మానుకో. మాత్ర మోతాదు నీ అంతట నువ్వు తగ్గించబాక, వ్యాయామం మొదలుపెడుతున్నానని డాక్టరుకు చెప్పు. చెమట, దడ గట్టిగా నడిచినా వస్తాయి, షుగరు పడినా వస్తాయి. చేతులు వణికి, తల తేలిపోయి, మాట తడబడితే ఇక ఆలోచించొద్దు. మూడు నాలుగు టీస్పూన్ల పంచదార నోట్లో వేసుకుని కూచో, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకో. ఆ పొట్లం కొంగున కట్టుకునే పో. సందు దొరికింది కదా అని మలైకాజా తినబాక, పాలూ నెయ్యీ ఉన్న తీపి రక్తంలోకి నిదానంగా చేరుతుంది. మొదటి వారాల్లో రాత్రి పడుకోబోయే ముందు కూడా ఒకసారి చూసుకో, సాయంత్రం నడకకు అర్ధరాత్రి పడిపోయే వాళ్లున్నారు.

ఇక కాళ్లు. నర్సుగా వార్డులో నేను కట్లు కట్టిన కాళ్లలో చాలావాటికి మొదటి గాయం పల్లేరుకాయో, చెప్పు ఒరుపో. షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదానికి నొప్పి తెలియదు. కయ్యలో గుచ్చుకున్న ముల్లుతోనే తిరిగి, వేలు నల్లబడ్డాక వచ్చిన రైతును చూశాను. వేలు తీసేశారు. నువ్వు చెప్పులతో నడవబాక, నూలు మేజోళ్లు, ముందుభాగం వెడల్పుగా ఉన్న బూట్లు కొనుక్కో. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడుము. తిరిగొచ్చాక అరికాలు తిప్పి, వేళ్ల సందుల్లో ఫోను లైటు వేసి చూడు. ఎర్రగా కందినా, బొబ్బ కనిపించినా ఆ కాలికి విశ్రాంతి.

నడవడానికి కాలేజీ గ్రౌండు మట్టి నేల మేలు, మేడమీద సిమెంటు వద్దు. నీకు వీలుంటే రాత్రి అన్నం తిన్న గంటలోపు నడువు, తిన్నాక ఎగబాకే షుగరు అప్పుడే తగ్గుతుంది. రోహిణి ఎండల్లో మాత్రం సూర్యుడు రాకముందే ముగించు, నీళ్లు తాగకపోతే షుగరు ఇంకా చిక్కబడుతుంది.

ఇదంతా మొదలుపెట్టే ముందు కళ్లు చూపించుకోవాలి. షుగరు వల్ల కంటి వెనక కొత్త రక్తనాళాలు మొలిచి ఉంటే, గట్టి శ్రమకు అవి చిట్లొచ్చు. నీకు బీపీ కూడా ఉంది గనక గుండె పరీక్ష కూడా ఒకటి చేయించాలి. ఆదివారం కావలి నుంచి వచ్చేటప్పుడు మందుల చీటీ, పాత రిపోర్టులు పట్టుకుని రా. సోమవారం సెలవు పెట్టు, ఇద్దరం కలిసే పోదాం. కంట్లో చుక్కలు వేస్తే సాయంత్రందాకా మసకగానే ఉంటుంది, స్కూటరు మీద రాబాక, బస్సెక్కు.

మీ అత్త