చదువు మాన్పించొద్దు, చెస్ కూడా మాన్పించొద్దు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ ఆడిన మహిళల చెస్ ప్రపంచకప్ ఫైనల్ చూసినప్పటి నుంచి కాలేజీ మానేసి చెస్సే ఆడతానంటోంది. రేటింగ్ (ఆట స్థాయి చెప్పే అంకె) 1540. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: అయ్యా, ఆ ఆట చూసిన పిల్లకి ఊపు రాకపోతేనే ఆశ్చర్యం. 2025 జులైలో జార్జియాలోని బతూమిలో జరిగింది. రెండు క్లాసికల్ గేములూ, అంటే ఎక్కువ టైమ్ ఉండేవి, డ్రా. విజేతను తేల్చే టైబ్రేక్‌లో మొదటి ర్యాపిడ్ (తక్కువ టైమ్) గేమూ డ్రాయే. రెండో దాంట్లో నల్లపావులతో దివ్య గెలిచింది. టైమ్ తరిగిపోతుంటే హంపి అంతటి మనిషికే ఎత్తులు తప్పాయి. ఆట అవ్వగానే దివ్య వాళ్ల అమ్మను పట్టుకుని ఏడ్చేసింది. 19 ఏళ్ల పిల్ల, అప్పటిదాకా ఒక్క జీఎం నార్మ్ (గ్రాండ్‌మాస్టర్ హోదాకి టోర్నమెంట్లలో చూపాల్సిన స్థాయి ఆట) కూడా లేదు. ఆ గెలుపుతో నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది.

అయితే ఆ బల్లకి అవతల కూర్చున్న హంపిని కూడా చూడమనండి. 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన మన కృష్ణా జిల్లా అమ్మాయి. ఓఎన్‌జీసీలో ఉద్యోగం చేస్తూ, బిడ్డను కని, కొంతకాలం ఆటకు దూరంగా ఉండి, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఉద్యోగం ఉంటే ఆటకు ధీమా.

గ్రాండ్‌మాస్టర్ కావాలంటే మామూలుగా 2500 రేటింగ్, మూడు నార్మ్‌లు కావాలి. 1540 నుంచి అది చాలా దూరం, ఇంటర్ వదిలేసి పరిగెత్తే దూరం కాదు. అలాగని చెస్ మాన్పిస్తే పిల్ల మనసు పుస్తకం మీదా నిలవదు. జిల్లా, రాష్ట్ర ఎంపిక పోటీలు మాత్రం వదలకండి. స్పోర్ట్స్ కోటాలో సాధారణంగా అడిగేది ఆ సర్టిఫికెట్లనే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. తను ఓడిపోయిన ఐదు ఆటల స్కోర్‌షీట్లు (ఎత్తులు రాసుకున్న కాగితాలు) తీయించి, కంప్యూటర్ ఇంజిన్ (ఎత్తులు చెప్పే ప్రోగ్రామ్) పెట్టకుండా, ఎక్కడ దారి తప్పిందో, అప్పుడు ఏమనుకుందో పక్కన పెన్నుతో రాయమనండి. ఓపిగ్గా కూర్చుని రాస్తే మంచి కోచ్‌ని వెతకండి, ఆ ఖర్చు వృథా కాదు. రెండో ఆటకే విసుగొచ్చి ఫోన్లో బ్లిట్జ్ (నిమిషాల్లో ముగిసే ఆట) మొదలెడితే, తనకి నచ్చింది ఆ ఫైనల్ తాలూకు సందడి, ఇంకా ఆట కాదన్నమాట. అప్పుడూ తిట్టకండి, పరీక్షలయ్యాక మళ్లీ అడగండి.

వేసవిలో రెండు మూడు రేటెడ్ (రేటింగ్ లెక్కకు వచ్చే) టోర్నమెంట్లకి మీరే రైల్లో తోడు వెళ్లండి. తిరుగు ప్రయాణంలో ఓడిన ఆట ఊసు ఎత్తకండి. పార్వతీపురం పాసింజర్ బొబ్బిలి చేరేలోగా తనే చెబుతుంది.