ఇంట్లో కారు చార్జింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కొత్తగా విద్యుత్ కారు కొన్నాం. కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జర్‌ను వరండాలోని 15 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే ఎర్త్ గుర్తు దగ్గర ఎర్ర లైటు వెలిగి ఆగిపోయేది. ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పి, న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలిపాడు. అప్పటి నుంచి పచ్చ లైటు వస్తోంది, చార్జింగ్ కూడా బాగానే అవుతోంది. ఇలా వాడుకోవచ్చా? (నిజామాబాద్ నుంచి)

జవాబు: వద్దండీ. ఆ వైరు ముక్క తీయించేదాకా కారును ఆ సాకెట్‌కు తగిలించకండి. మాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఎర్ర లైటు గురించే. చాలా ఊళ్లలో దీనికి చేస్తున్న వైద్యం కూడా ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం.

కారుకు కరెంటు వదిలే ముందు చార్జర్ ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూస్తుంది. అక్కడ 230 దరిదాపుల్లో కనిపిస్తే ఎర్త్ ఉందనుకుంటుంది. న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపితే ఆ 230 న్యూట్రల్ నుంచే వస్తుంది కాబట్టి చార్జర్ మోసపోతుంది. భూమిలోకి మాత్రం దారి లేనట్టే.

ఇక ప్రమాదం ఎక్కడుందంటే, గాలివానకు స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడిందనుకోండి. ఇంట్లో ఫ్యానో, ఫ్రిజ్జో ఆన్‌లో ఉంటే దాని గుండా ఫేజ్ కరెంటు న్యూట్రల్ వైరులోకి వస్తుంది. అక్కడి నుంచి ఆ వైరు ముక్క మీదుగా ఎర్త్ పిన్నుకు, చార్జర్ కేబుల్ గుండా కారు బాడీకి చేరుతుంది. తడి నేల మీద నిలబడి డోరు హ్యాండిల్ పట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉన్నా ధైర్యం లేదు. కారులో ఫేజ్ బాడీకి తగిలితే ఆ కరెంటు ఈ ముక్క గుండా మళ్లీ న్యూట్రల్‌లోకే వెళ్తుంది. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా కనిపిస్తాయి కాబట్టి ఆర్‌సీసీబీ పడదు.

ఆ వైరు ముక్క తీయించాక, అసలు ఎర్త్ ఉందో లేదో ఇలా చూపించుకోండి. మల్టీమీటర్‌తో ఫేజ్-న్యూట్రల్ మధ్య 220 నుంచి 240 వోల్టులు, ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య 2, 3 వోల్టులకు మించకుండా ఉండాలి. ఎర్త్ వైరు ఎక్కడో తెగి గాలిలో ఉంటే ఫేజ్-ఎర్త్ మధ్య 100, 120 లాంటి అంకెలు కనిపిస్తాయి. మీటరు ఒక్కదాన్నే నమ్మకుండా, ఎలక్ట్రీషియన్ చేత ఫేజ్-ఎర్త్ మధ్య 100 వాట్ల పాతకాలం బల్బు పెట్టించండి. నిండుగా వెలగాలి. ఎర్త్ రెసిస్టెన్స్ 5 ఓమ్‌లుంటే బల్బు దగ్గర తగ్గేది 2 వోల్టులే. 100 ఓమ్‌లుంటే 40 వోల్టుల దాకా పోయి బల్బు మసకబారుతుంది. ఆర్‌సీసీబీ ఉన్న లైనులో ఈ పరీక్ష పెడితే అది వెంటనే పడిపోతుంది. దాని పని అదే, కంగారు పడకండి.

ఎర్త్ లేదని తేలితే గుంత తీయించాల్సిందే. ఎనిమిది పది అడుగుల లోతున జీఐ (జింకు పూత ఇనుప) పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. హైదరాబాద్ లాంటి రాతి నేలలో మామూలు గుంతకు రెసిస్టెన్స్ తగ్గదు. అక్కడ బెంటోనైట్ (తేమను పట్టి ఉంచే బంకమన్ను) మిశ్రమం వేసే కెమికల్ ఎర్తింగ్ నయం. పని అయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, 5 ఓమ్‌ల లోపు వచ్చాకే డబ్బులివ్వండి.

ఇంకొక్క మాట. ఎర్త్ బాగానే ఉన్నా, సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే కొన్ని చార్జర్లు ఇదే ఎర్ర లైటు చూపిస్తాయి. ఎర్త్ రంధ్రం పైకి ఉండేలా సాకెట్‌కు ఎదురుగా నిలబడితే కుడి రంధ్రంలో ఫేజ్ ఉండాలి. గుంత తవ్వించే ముందు టెస్టర్ పెట్టి ఇది చూడండి.

ప్రశ్న: అరగంట, నలభై నిమిషాలు చార్జ్ అయ్యి ఆగిపోతోంది. ప్లగ్గు ముట్టుకోలేనంత వేడెక్కుతోంది. కారు గేటు దగ్గర ఉంటుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతున్నాం. (తణుకు నుంచి)

జవాబు: ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను ముందు పక్కన పెట్టండి. మిక్సీ నాలుగు నిమిషాలు తిరుగుతుంది, గీజర్ పావుగంట. కారు మాత్రం ఏడెనిమిది గంటలు ఆగకుండా 15 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్‌లో స్ప్రింగు వదులై, పట్టు దగ్గర 0.1 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చినా చాలు, అక్కడ 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అంటే ప్లగ్గు లోపల చిన్న సోల్డరింగ్ ఐరన్ రాత్రంతా పెట్టి ఉంచినట్టే. ప్లగ్గులో వేడిని పసిగట్టే సెన్సర్ ఉన్న చార్జర్లు ఆగిపోతాయి. అది లేనివి సాకెట్ కరిగేదాకా నడుస్తూనే ఉంటాయి.

ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చాలావాటికి వైరు 1 స్క్వేర్ ఎంఎం ఉంటుంది. 20 మీటర్ల పొడవుంటే రానూపోనూ కలిపి 15 ఆంపియర్ల దగ్గర దాదాపు 11 వోల్టులు వైరులోనే పోతాయి, 160 వాట్ల దాకా వేడిగా మారుతుంది. చుట్ట విప్పకుండా వాడితే ఆ వేడంతా చుట్టలోనే చిక్కుకుంటుంది.

సరైన ఏర్పాటు ఇది: మెయిన్ బోర్డు నుంచి నేరుగా, మధ్యలో అతుకుల్లేకుండా, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. దీనిలో అదే 20 మీటర్లకు పోయేది 3 వోల్టుల లోపే. దానికి విడిగా 20 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్), చివర కొత్త 16 ఆంపియర్ల సాకెట్ ఒక్కటే. ఆ లైను మీద ఇంకేమీ వద్దు. వారం వాడాక మెయిన్ ఆపి, సాకెట్ వెనుక స్క్రూలు ఇంకోసారి బిగించండి. రాగి తీగ వేడికి వ్యాకోచించి, చల్లబడి, స్క్రూ కింద కొద్దిగా వదులవుతుంది. ప్లగ్గు పిన్నులు నల్లబడి ఉంటే చార్జర్‌ను కంపెనీకి చూపించండి. మీరే ప్లగ్గు కోసి వేరేది వేస్తే వారంటీ పోవచ్చు.

ఆగిపోయినప్పుడు చార్జర్ లైట్లన్నీ ఆరిపోతే పడింది ఎంసీబీ అని అర్థం. 16 ఆంపియర్ల ఎంసీబీని 30 డిగ్రీల వేడి లెక్కతో తయారు చేస్తారు. మే నెలలో ఎండ పడే ఇనుప పెట్టెలో అది 15 ఆంపియర్లకే పడిపోవచ్చు.

ప్రశ్న: సాయంత్రం ఏడు నుంచి పది మధ్య చార్జింగ్ ఆగి ఆగి అవుతోంది. అర్ధరాత్రి దాటాక సమస్య లేదు. (అనకాపల్లి నుంచి)

జవాబు: ఆ వేళ లైనులో లోడు ఎక్కువై వోల్టేజీ పడిపోతోంది. చార్జింగ్ నడుస్తుండగా మీటరు దగ్గరా, సాకెట్ దగ్గరా వోల్టేజీ రాసుకోండి. రెండింటికీ తేడా 5 వోల్టులు మించితే లోపం మీ వైరింగ్‌లో ఉంది. మీటరు దగ్గరే 190కి వస్తే అది బయటి లైను సమస్య, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

ఈలోగా కారు స్క్రీన్‌లో గానీ, చార్జర్ మీద గానీ కరెంటు తగ్గించే సదుపాయం ఉంటే 10 ఆంపియర్లకు దించండి. 30 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి 80కి నింపడానికి నష్టాలతో కలిపి 20, 21 యూనిట్లు కావాలి. పూర్తి వోల్టేజీ ఉంటే 15 ఆంపియర్ల దగ్గర ఆరు గంటలు పట్టేది, 10 దగ్గర తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి పదకొండుకు 15 ఆంపియర్లతో మొదలయ్యేలా టైమర్ పెట్టుకుంటే తెల్లారేసరికి సరిపోతుంది.

ఒక గుర్తు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చార్జింగ్ మొదలవగానే ఇంట్లో కొన్ని లైట్లు మసకబారి, కొన్ని ఎక్కువ వెలిగితే సర్వీసు వైరులో న్యూట్రల్ వదులైనట్టు. మూడు ఫేజ్‌ల ఇళ్లలోనే ఇలా కనిపిస్తుంది. వెంటనే చార్జింగ్, మెయిన్ ఆపి లైన్‌మన్‌ను పిలవండి. టీవీ, ఫ్రిజ్ కాలిపోయేది ఇలాంటప్పుడే.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా మీటరు నుంచి లైను లాగాం. కారుకు గన్ పెట్టగానే ఆర్‌సీసీబీ పడుతోంది. (మియాపూర్ నుంచి)

జవాబు: గన్ (చార్జర్ కేబుల్ చివర కారుకు తగిలించే భాగం) కారుకు పెట్టకుండా చార్జర్‌ను మాత్రం సాకెట్‌లో పెట్టి చూడండి. అప్పుడే పడితే లోపం చార్జర్‌లోనో, లైనులోనో ఉంది. చార్జర్ తీసి అదే సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టండి. దానికీ పడితే వైరింగే. సెల్లార్లలో మామూలుగా జరిగే తప్పు, మీ లైను న్యూట్రల్‌ను కామన్ లైట్ల న్యూట్రల్‌తో కలిపేయడం. మీ ఫేజ్ ఆర్‌సీసీబీ గుండా వెళ్లి, న్యూట్రల్ వేరే దారిలో తిరిగొస్తే అది పడక తప్పదు.

ఇస్త్రీ పెట్టెకు పడకుండా, గన్ పెట్టాకే పడుతుంటే గన్‌లోనూ, కారు సాకెట్‌లోనూ తడి, దుమ్ము ఉన్నాయేమో చూసి, పొడిగా ఆరనిచ్చి మళ్లీ పెట్టండి. అయినా పడితే కారు సర్వీసు సెంటరుకు వెళ్లాలి. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపమని మాత్రం ఎవరినీ అడగకండి.

మీ ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లదేనా, ఏ రకందో కూడా చూడండి. దాని మీద ఒక్క అల గుర్తే ఉంటే అది 'ఏసీ' (AC) రకం. అల కింద సగం అలలు కూడా ఉంటే అది 'ఏ' (A) రకం. కారు చార్జింగ్‌కు కనీసం ఈ 'ఏ' (A) రకమైనా కావాలి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద చార్జ్ చేయొచ్చా? (ఖమ్మం నుంచి)

జవాబు: కుదరదు. ఇళ్లలో ఉండే 900, 1100 వీఏ ఇన్వర్టర్ 3.3 కిలోవాట్ల చార్జర్‌ను మోయలేదు. కారు సాకెట్ ఇన్వర్టర్ లైనులో ఉందేమో ముందే చూసి విడదీయించండి. కొన్ని చార్జర్లు కరెంటు రాగానే వాటంతటవే మొదలవుతాయి, కొన్నిటికి ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాలి. కరెంటు తరచూ పోయే చోట పొద్దున్నే ప్రయాణం ఉంటే, పడుకునే ముందు ఒకసారి కారు యాప్‌లో చార్జింగ్ నడుస్తోందో లేదో చూసుకోండి.