వేగస్‌లో చవగ్గా గోల్ఫ్ ఆడొచ్చు, 401కె లోనుతో మాత్రం వద్దు

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. డాలస్ దగ్గర హెచ్-1బి వర్క్ వీసా మీద పనిచేస్తున్నాను. భార్య నా మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉంది, ఉద్యోగం లేదు. నాలుగేళ్ళ పాప. నెలకు చేతికి 7,500 డాలర్లు వస్తాయి. ఇండియాలో అమ్మానాన్నలకు పంపేది, అక్కడి ఇంటి లోను ఈఎంఐ కలుపుకుని ఖర్చు 6,400. సేవింగ్స్‌లో 4,800 ఉన్నాయి, 401కెలో (కంపెనీ ద్వారా జీతంలోంచి కూడబెట్టే రిటైర్‌మెంట్ ఖాతాలో) 61,000. మా టీమ్‌లో నలుగురం నవంబరు మూడో వారంలో లాస్ వేగస్‌కు గోల్ఫ్ ట్రిప్ అనుకున్నాం. నాలుగు రాత్రులు, నాలుగు రౌండ్లు, అందులో ఒకటి షాడో క్రీక్ అనే ఖరీదైన కోర్సులో. నా వాటా 6,000 దాకా తేలింది. గోల్ఫ్ ఖర్చు తగ్గించుకునే దారి ఉందా? డబ్బు కోసం 401కె లోను, అంటే ఆ ఖాతాలోని నా డబ్బునే అప్పుగా, తీసుకుందామనుకుంటున్నాను. వడ్డీ నాకే తిరిగొస్తుంది కదా, నష్టమేమీ లేదనే నా ఉద్దేశం.

జవాబు: మీరు గోల్ఫ్ గురించి అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలోని ఆఖరి రెండు వాక్యాల దగ్గరే కళ్ళు ఆగిపోయాయి. ఈ మధ్య నాకొచ్చే ఉత్తరాల్లో ట్రిప్ మారుతోంది, కారు మారుతోంది, పెళ్ళి మారుతోంది. ‘వడ్డీ నాకే వస్తుంది’ అన్న మాట మాత్రం మారడం లేదు. అందుకే మీ ప్రశ్నకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ముందు మీ లెక్క చూద్దాం. 4,800 డాలర్లంటే మీ ఇంటి ఖర్చుకు ఇరవై రెండు రోజులు. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్ళకు ఉండే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఇంకా ముందే ముగిస్తే అన్ని రోజులు కూడా ఉండవు. ఆలోపు ఇంకో కంపెనీ మీకోసం పిటిషన్ వేయాలి, లేదా మీరు స్టేటస్ మార్చుకోవడానికి దరఖాస్తు చేయాలి, లేదా పెట్టెలు సర్దుకోవాలి. మీ భార్య, మీ పాప స్టేటస్ కూడా మీదాన్నే పట్టుకుని ఉంటుంది. ఆ 60 రోజులకే మీకు 12,800 కావాలి. ఇరవై మూడో రోజున ఇంటి అద్దె ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంకొకటి. ఉద్యోగంతో పాటు హెల్త్ ఇన్సూరెన్సూ పోతుంది. కోబ్రా అనే చట్టం కింద పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు నిజమే, కానీ ఇప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, పైన రెండు శాతం అదనం. కుటుంబానికి నెలకు రెండు వేల డాలర్లు దాటడం మామూలే. మీరు చెప్పిన 6,400లో ఈ ఖర్చు లేదు. ముగ్గురికీ ఇండియా టికెట్లు, లీజు మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన సొమ్ము, ఇవీ లేవు. ఇక్కడే పుట్టి పెరిగిన మీ సహోద్యోగికి మూడు నెలల ఎమర్జెన్సీ ఫండ్ సరిపోతుందేమో. మీకు నాలుగు నెలలది ఉండాలంటాను, అంటే 25,600. నెలకు మిగిలే 1,100 మొత్తం అందులోకే వేసినా పంతొమ్మిది నెలలు పడుతుంది. 401కెలో కంపెనీ మ్యాచ్ (మీరు వేసినదానికి జోడుగా కంపెనీ వేసే సొమ్ము) ఇచ్చేదాని కంటే ఎక్కువ వేస్తున్నట్టయితే ఆ ఎక్కువ భాగాన్ని కొన్నాళ్ళు ఆపి ఇటు మళ్ళించండి, త్వరగా నిండుతుంది.

ఇప్పుడు ఆ లోను సంగతి. వడ్డీ మీ ఖాతాకే వస్తుందన్నది అబద్ధం కాదు. కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకుంటున్నట్టే ఉంటుంది, ఉద్యోగం ఉన్నంతకాలం. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీని మొత్తంగా తీర్చమంటారు. మానేశాక కూడా వాయిదాలు కట్టనిచ్చే ప్లాన్లు కొన్ని ఉన్నాయి, మీది అలాంటిదో కాదో హెచ్‌ఆర్‌ని అడగండి. తీర్చలేకపోతే ఆ బాకీ మీరు డబ్బు వెనక్కి తీసుకున్నట్టు లెక్క. ఆ సొమ్మును సొంతంగా సమకూర్చి ఐఆర్ఏలో (కంపెనీతో సంబంధం లేని సొంత రిటైర్‌మెంట్ ఖాతాలో) వేసి బయటపడటానికి మరుసటి ఏడాది టాక్స్ రిటర్న్ గడువు దాకా సమయం ఉంటుంది. అంటే ఏప్రిల్ 15, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబరు 15. అదీ కుదరకపోతే ఆదాయపు పన్ను, 59½ ఏళ్ళు నిండలేదు కాబట్టి మరో పది శాతం పెనాల్టీ. 5,500 బాకీ ఉండగా ఉద్యోగం పోయిందనుకోండి. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే, 1,760 డాలర్లు గాల్లో కలిసిపోయినట్టే. అదీ జీతం రాని రోజుల్లో.

నా దగ్గరికొచ్చిన ఒకాయనకు ఇదే జరిగింది. ఆయన లోను తీసుకున్నది గోల్ఫ్ కోసం కాదు, క్రూయిజ్ కోసం. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న వీసా గురించి కాదు, ‘ఆ లోను సంగతేంటండీ’ అని. 60 రోజుల్లో ఉద్యోగం వెతుక్కోవాల్సిన మనిషి మొదటి వారమంతా ఆ టెన్షన్‌తోనే గడిపాడు. కొన్నాళ్ళు వడ్డీ పడని సున్నా శాతం క్రెడిట్ కార్డు మీద పెడతానని మీరు అనకముందే చెబుతున్నా, అదీ వద్దు. ఆఫర్ గడువు తీరాక మిగిలిన బాకీకి పడే వడ్డీ ఇరవై శాతం పైనే ఉంటుంది. గోల్ఫ్ ఆడటానికి అప్పు చేయడం అప్పు చేసి పప్పుకూడు తినడం కన్నా అన్యాయం. పప్పుకూడైతే కనీసం కడుపన్నా నిండుతుంది.

సరే, మీరు అడిగినదానికి వద్దాం. ట్రిప్ పూర్తిగా మానుకోమని నేను చెప్పను. మీ ఒక నెల మిగులు 1,100. దానికి లోబడి వెళ్ళిరండి, అంతకు మించి ఒక్క డాలరూ వద్దు. సేవింగ్స్‌లోని 4,800ని ముట్టుకోకూడదు.

అన్నిటికంటే ముందు మార్చాల్సింది వారం. నవంబరు మూడో వారమంటే ఫార్ములా వన్ రేసు వారం కావచ్చు. 2023 నుంచి ఏటా థాంక్స్‌గివింగ్‌కు ముందు వారం స్ట్రిప్ (పెద్ద క్యాసినో హోటళ్ళుండే ప్రధాన వీధి) మీదే రేసు జరుగుతోంది. రూముల ధరలు ఆకాశాన్నంటుతాయి, రోడ్లు మూసేస్తారు, టీ టైముకు (ఆట మొదలుపెట్టడానికి బుక్ చేసుకున్న వేళకు) చేరడమే గగనం. ఒక వారం అటో ఇటో జరపమని మిగతా ముగ్గురితోనూ చెప్పండి, లాభం నలుగురిదీ. జనవరి దాకా ఆగగలిగితే ఇంకా మంచిది. సీఈఎస్ అనే భారీ టెక్ ఎగ్జిబిషన్ అయిపోయాక, పెద్ద ఎగ్జిబిషన్ ఏదీ లేని వారంలో, మంగళ, బుధవారాలు చూడండి. పొద్దున మంచు పట్టి ఆట ఆలస్యం కావచ్చు, కాబట్టి పదింటి తర్వాతి టీ టైము తీసుకోండి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు చవగ్గా కనిపిస్తే మాత్రం తొందరపడొద్దు. అప్పుడు కోర్సుల్లో చలికాలపు గడ్డి విత్తనం చల్లుతారు. కొన్ని కోర్సులు వారాల తరబడి మూసేస్తారు, తెరిచాక కూడా కొన్నాళ్ళు గోల్ఫ్ కార్టును (బండిని) దారి దిగి గడ్డి మీదికి రానివ్వరు.

షాడో క్రీక్ తీసేయండి. 2018 నవంబరు 23న టైగర్ వుడ్స్, ఫిల్ మికెల్సన్ 90 లక్షల డాలర్ల పందెం ఆడింది అక్కడే కాబట్టి మీకు సరదా ఉంటుంది, కాదనను. మామూలు పద్దెనిమిది హోల్స్‌లో తేలక ఇరవై రెండో హోల్ దాకా సాగి ఫిల్ గెలిచాడు, నేనూ చూశాను. ఆ 90 లక్షలూ వాళ్ళ జేబులోవి కావు. మీకైతే గ్రీన్ ఫీజే (ఒక రౌండుకు కోర్సు తీసుకునే రుసుమే) వెయ్యి డాలర్లు దాటుతుంది, క్లబ్బులు మోసే కాడీకి టిప్ వేరు.

వేగస్‌లో సిటీ గోల్ఫ్ కోర్సులున్నాయని చాలామంది టూరిస్టులకు తెలియదు. లాస్ వేగస్ గోల్ఫ్ క్లబ్ 1938 నుంచి ఉంది, సిటీదే, స్ట్రిప్‌కు దూరమేమీ కాదు. ఏంజెల్ పార్క్ కూడా సిటీదే. అక్కడి రెండు పెద్ద కోర్సులూ ఆర్నాల్డ్ పామర్ డిజైన్. పక్కనే క్లౌడ్ నైన్ అనే చిన్న పార్-3 కోర్సు (పొట్టి హోల్స్ మాత్రమే ఉండేది) ఉంది, లైట్ల కింద రాత్రి పూట కూడా ఆడొచ్చు. నలుగురు స్నేహితులకు అదే ఎక్కువ సరదా అని నా అభిప్రాయం, నా హ్యాండికాప్ (ఆటలో నా స్థాయి చెప్పే అంకె) చూసి చెబుతున్న మాట అనుకోండి. కాస్త దూరం పోవడానికి అభ్యంతరం లేకపోతే హూవర్ డామ్ వైపు బౌల్డర్ సిటీలో రెండు మునిసిపల్ కోర్సులున్నాయి. నెవాడాలో జూదం నిషేధించిన ఊళ్ళు రెండే, అందులో ఇదొకటి. ఆట అయ్యాక స్లాట్ మెషీన్ల మధ్యలోంచి నడిచి బయటికి రావాల్సిన అవసరం ఉండదు. మీ బడ్జెట్‌లో ‘సరదాగా’ అని రాసుకున్న పద్దుకు అది మేలే చేస్తుంది.

ఇలాంటి చోట్ల ట్వైలైట్ రేటుకు (మధ్యాహ్నం తర్వాత మొదలుపెట్టేవాళ్ళకిచ్చే తగ్గింపు ధరకు) వంద డాలర్ల లోపు రౌండు దొరకడం మామూలే. చలికాలంలో ఒక చిక్కుంది. నవంబరులో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. రెండింటికి మొదలుపెడితే పద్దెనిమిది హోల్స్ పూర్తి కావు. పన్నెండు హోల్స్‌కు ఎంత పడుతోందో లెక్కేసి బుక్ చేయండి. నెవాడా వాళ్ళకిచ్చే తక్కువ రేటు ఐడీ చూసి ఇస్తారు, స్థానికుల పేరుతో బుక్ చేయడం లాంటివి వద్దు. ఆఖరి నిమిషం డీల్స్‌లో చాలావరకు డబ్బు వెనక్కి రాదు, ముందుగా ఆ షరతు చదవండి. క్లబ్బులు సొంతవి విమానంలో తీసుకెళ్తే రానూపోనూ ఎంతవుతుందో, అక్కడ అద్దెకు తీసుకుంటే ఎంతవుతుందో పోల్చుకోండి. రెండే రౌండ్లయితే అద్దెకు తీసుకోవడమే మేలు కావచ్చు.

హోటల్ విషయంలో ఒకటే మాట. రిసార్ట్ ఫీజు (రూము అద్దెపై హోటల్ అదనంగా వేసే తప్పనిసరి రుసుము) కలిపిన మొత్తం ధరే ముందుగా చూపించాలని 2025 మే నుంచి ఫెడరల్ రూల్ ఉంది. ఆ మొత్తాన్నే పోల్చండి, రెండు రాత్రులు చాలు, రూము ఇద్దరు పంచుకోండి.

టర్మ్ ఇన్సూరెన్స్ ఊసు మీ ఉత్తరంలో లేదు. కంపెనీ ఇచ్చినదొక్కటే ఉంటే ఉద్యోగంతో పాటే అదీ పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. మీ లీజు ఎప్పటిదాకా ఉందో, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో, ఇండియా లోనులో ఇంకా ఎంత అసలు మిగిలిందో రాసి పంపండి. నాలుగు నెలలు చాలుతాయో, ఆరు కావాలో అప్పుడు చెబుతాను.