మెప్పు కోసం కాని గీతలు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

మనసులో ఏముందో తెలుసుకోవడానికీ, నలుగురితో కలవడానికీ బొమ్మలు గీయడం పనికివస్తుందా, చిన్నప్పటి నుంచీ పెన్సిల్ పట్టని వాళ్లకు కూడా అది సాధ్యమేనా అని అడిగావు. పిల్లలకూ పెద్దలకూ బొమ్మలు నేర్పుతూ వయసు గడిపినదాన్ని కనుక నమ్మకంగా చెబుతున్నాను. తప్పకుండా పనికివస్తుంది, కాకపోతే ఎదుటివారి మెప్పును కాసేపు పక్కన పెట్టగలగాలి. బొమ్మ అందంగా రావాలన్న పట్టుదల మొదలైన మరుక్షణం చేయి తనకు అలవాటైన రూపాల వైపు పరుగెడుతుంది. బాదంకాయలాంటి కన్ను, త్రికోణపు ఇంటికప్పు, కిరణాలు పెట్టిన సూర్యుడు వచ్చి కూర్చుంటాయి, నువ్వు చూసినదీ నీకు అనిపించినదీ మాత్రం కాగితం మీదికి రావు.

అందుకని ముందు చూపును మచ్చిక చేసుకో. ఎడమచేతిని బల్ల మీద పెట్టుకుని, మణికట్టు అంచు దగ్గర చూపు నిలిపి, కుడిచేతిలోని బాల్ పెన్ను కాగితానికి ఆనించు. కళ్లు ఆ అంచు వెంట చీమ నడకంత నెమ్మదిగా కదులుతుంటే పెన్ను కూడా అదే వేగంతో కదలాలి. మధ్యలో కాగితం వైపు చూడకూడదు, పెన్ను ఎత్తకూడదు. చూపుడువేలి కణుపు మీది ముడతల్లో ఏ రెండూ ఒక్కలా ఉండవనీ, గోరు చర్మంలోకి దిగేచోట పలుచని పొర ఒకటి ఉంటుందనీ చాలామందికి తమ చేతిని ఇలా గీసినప్పుడే తెలుస్తుంది. పూర్తయ్యాక చూస్తే వేళ్లు ఒకచోట, అరచేయి మరొకచోట ఉంటాయి. ఉండనీ. గీస్తున్నంతసేపూ ఎక్కడ తొందర పుట్టింది, ఎక్కడ ఓరకంట కాగితం వైపు చూడాలనిపించింది, ఎక్కడ విసుగు తగ్గి ఊపిరి నెమ్మదించింది అన్నవి ఆ కాగితం అంచునే రెండు వాక్యాల్లో రాసుకో. రబ్బరు మాత్రం దగ్గర పెట్టుకోవద్దు. చెరిపిన గీతతో పాటు, నువ్వు తడబడిన చోటు కూడా పోతుంది.

చేతికి కాస్త ధైర్యం వచ్చాక మనసును కలవరపెట్టిన సంగతులకు రా. అప్పుడు దుఃఖానికి కన్నీటిచుక్క, కోపానికి మంట గీయాలని చూడకు. అవి అందరూ వాడే గుర్తులు, నీ గురించి ఏమీ చెప్పవు. ఒకరితో మాట పట్టింపు వచ్చిందనుకో, అది జరిగిన గదిని పైనుంచి చూసినట్టు గీయి. తలుపు ఎటు ఉంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, మీ మధ్య ఎంత దూరం ఉంది, మూడో మనిషి ఉంటే ఎటు తిరిగి ఉన్నారు, ఇవన్నీ గుర్తుకు తెచ్చుకుని గీయి. మాటల్లో చెప్పుకున్నంతసేపూ మనం మన పక్షాన వాదించుకుంటూనే ఉంటాం. గది గీసేటప్పుడు అవతలి మనిషి నిలబడిన చోటు కూడా మన చేత్తోనే గీయవలసి వస్తుంది. తరువాత అర్థాల కోసం వెతకకుండా, ఇక్కడ అన్నిటికన్నా పెద్దదిగా వచ్చినదేది, గీయడం మరిచిపోయినదేది అని మాత్రం అడుగు. జవాబు ఆ రోజే రాకపోయినా ఫరవాలేదు. తేదీ వేసి దాచుకుంటే కొన్నాళ్లకు తీసి చూసుకోవచ్చు.

ఏం గీయాలో తోచని రోజున పిచ్చిగీతలు గీసినా తప్పులేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ తన రాతప్రతుల్లో కొట్టివేసిన మాటలను గీతలతో కలుపుతూ, వాటినే వింత ఆకారాలుగా మలిచేవారు. అలా సాగిన గీతలు అరవై దాటిన వయసులో ఆయనను చిత్రకారుణ్ణి చేశాయి. ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగింది. చేయి తిరగలేదన్న నీ బెంగకు ఇంకో మాట కూడా చెబుతాను. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాల పాటు తమకు తోచిన కళారూపం చేయగా, దాదాపు ముప్పాతిక వంతు మంది లాలాజలంలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది. అనుభవం ఉన్నవారికీ లేనివారికీ అందులో తేడా కనబడలేదు. అది చిన్న పరిశోధన, పోల్చి చూడడానికి వేరే బృందం కూడా లేదు, కనుక దాన్ని మందుచీటీలా పట్టుకోవద్దు. అనుభవంతో పనిలేదన్న మాట మాత్రం నేను కళ్లారా చూసినదానితో సరిపోయింది.

ఇక నలుగురితో కలవడం సంగతి. బ్రిటన్‌లో పిల్లల మనోవైద్యుడిగా పేరుపొందిన డోనాల్డ్ వినికాట్, మాట పెగలని పిల్లలతో ఒక ఆట ఆడేవారు. ఆయన కాగితం మీద వంకర గీత ఒకటి గీస్తే పిల్లవాడు దాన్ని ఏదో ఒక రూపంగా మార్చాలి. తరువాత పిల్లవాడు గీత గీస్తే ఆయన మార్చేవారు. నీతో ముభావంగా ఉండే వాళ్లెవరితోనైనా ఇది ఆడి చూడు. ఇద్దరి చూపూ కాగితం మీదే ఉంటుంది కనుక ముఖాముఖి మాట్లాడడంలో ఉండే బెరుకు తగ్గుతుంది, చేతికి పని ఉంటుంది కనుక మౌనం కూడా ఇబ్బంది పెట్టదు. అసలు మాటలు సాధారణంగా మూడో నాలుగో బొమ్మ దగ్గర వస్తాయి. వాటి కోసం తొందరపెట్టకు.

ఇతరుల బొమ్మలకు అర్థం చెప్పడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. మేం కలిసి బొమ్మలు గీసుకునే బృందంలో ఒకాయన తాను పెరిగిన ఇంటిని కిటికీ ఊచలతో సహా శ్రద్ధగా గీశారు కానీ తలుపు పెట్టలేదు. పక్కనున్నవారు దాన్ని చూసి, లోపల ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టున్నారని తేల్చేయబోయారు. ఈ ఇంట్లోకి ఎటునుంచి వెళ్లాలండీ అని నేను అడిగాను. ఆయన నవ్వి, మేమంతా పెరటి గుమ్మంలోంచే తిరిగేవాళ్లం, అది ఇటు కనబడదు అన్నారు. ఆ పెరటి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకుంటూ తన అన్న చెప్పిన కబుర్లు ఆ సాయంత్రమంతా చెప్పారు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే ఒక తప్పుడు తీర్పు మాత్రం మిగిలేది. నువ్వు కూడా “ఇక్కడ ఏం జరుగుతోంది?”, “దీని గురించి ఇంకొంచెం చెబుతారా?” అని అడుగు, బాగుంది, బాగోలేదు అన్న మాటలు రెండూ మానుకో.

ఒంటరిగా మొదలుపెట్టడం కష్టమనిపిస్తే బయట కూర్చుని గీసేవాళ్ల గుంపులో చేరు. గాబ్రియేల్ కాంపనారియో అనే పాత్రికేయుడు 2007లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. చూసిన చోటే గీయడం వాళ్ల నియమం, చివర అందరి స్కెచ్‌బుక్కులూ ఒకచోట పరిచి చూసుకోవడం వాళ్ల అలవాటు. మనిషిని గీయాలనుకుంటే ముందు అడిగి గీయి, గీశాక వారు వద్దనుకుంటే ఆ కాగితం వారికే ఇచ్చెయ్యి.

ఒక జాగ్రత్త. గీస్తుంటే పాత గాయం ఏదైనా పైకి లేచి, ఏడుపు ఆగకపోయినా, నిద్ర చెడినా, అక్కడితో ఆపి మానసిక వైద్యులను కలువు. బొమ్మల సాయంతో చేసే చికిత్సను ఆర్ట్ థెరపీ అంటారు, ఆ పేరు 1942లో ఆడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు పెట్టినది. క్షయకు చికిత్స పొందుతూ బొమ్మలు గీయడం వల్ల తనకు కలిగిన మేలును చూసి ఆయన ఆ మార్గం పట్టారు. ఇప్పుడది శిక్షణ పొందినవారు చేసే వృత్తి, మనం ఇంట్లో చేసుకునేది దానికి బదులు కాదు.

కలిసి బొమ్మలు గీయడానికి నువ్వే ఎవరినైనా పిలిస్తే, మొదటిసారి నలుగురికి మించి పిలవకు. కాగితం చూడకుండా ఒకరి ముఖం ఒకరు గీసే ఆటతో మొదలుపెట్టించు. అందరి బొమ్మలూ వంకరగానే వస్తాయి కనుక సిగ్గు అక్కడే వదిలిపోతుంది. ఎవరి కాగితాలు వారికే ఇచ్చెయ్యి, అడగకుండా ఫోటోలు తీయవద్దు, మళ్లీ ఎప్పుడు కలవాలో లేచేముందే అనుకోండి. ఆ తరువాత ఎలా జరిగిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
అత్తయ్య